నాలుగో వస్తువు గాజు

ప్రయాణికుల పడవల తనిఖీ కార్యాలయం ప్రధాన అధికారి గారి సముఖమునకు,
ఈ కార్యాలయం రేవులో నిలిపివేయబడిన అద్దె లాంచీ సరంగు గారి కుమార్తె సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ప్రథమ చికిత్స పెట్టెలో నాలుగో వస్తువైన ‘గాజు’ సక్రమంగా లేదన్న కారణంపై నిలిపివేసిన అనుమతి పత్రమును, ఇంజను తాళంచెవిని, ఈ సాయంత్రం ఐదు గంటలలోగా ఇప్పించమని కోరుట గురించి.

ఈ ఉదయం నేను రేవులో తెడ్ల పడవ దిగేసరికి, మా లాంచీని కట్టిన తాడుకూ గుంజకూ మధ్య సాలీడు గూడు అల్లి ఉంది. రోజు విడిచి రోజు విప్పి కట్టే తాడు అది. దాని మీద గూడు కట్టేంత తీరిక ఇంతవరకు ఏ సాలీడుకూ దొరకలేదు. తమ గది కిటికీలోంచి చూస్తే ఆ లాంచీ కనిపిస్తుంది. నీలం రంగుది. కప్పు మీద తెల్ల గీత ఉంటుంది.

అర్జీ మూడు పేరాలు దాటరాదని కాన్వెంటు బడిలో సిస్టరు గారు నేర్పారు. ఇది దాటుతుంది, మన్నించగలరు. నోటితో చెప్పడం నాకు చేతకాదు. ఈ వరండాకు నేను రావడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ తమ బంట్రోతు గారు “ఏం కావాలమ్మా” అని అడిగితే, “ఏం లేదండీ” అని వెళ్ళిపోయాను. కనుక రాస్తున్నాను.

1. సదరు లాంచీకి మా నాన్నగారు యజమాని, దాన్ని నడిపే సరంగు. మా మామయ్య ఇంజను చూసుకుంటారు. లాంచీని ఎవరైనా గుంపుగా అద్దెకు తీసుకోవచ్చు. సెలవు రోజుల్లో విహారానికి వచ్చేవారు తీసుకుంటారు. సోమవారం, గురువారం మాత్రం మా దీవికి చెందిన నలుగురు రోగుల కోసం కేటాయించడమైనది. ఆ నలుగురికీ మూత్రపిండాలు పనిచేయవు. ఈ ఒడ్డున ఉన్న ఆసుపత్రిలో యంత్రం మీద రక్తం శుద్ధి చేయించుకొని, సాయంత్రానికి ఇల్లు చేరతారు. లాంచీలో యాభై నిమిషాల ప్రయాణం. తెడ్ల పడవలో మూడున్నర గంటలు, అదీ గాలి ఒప్పుకుంటే. మా దీవికి వంతెన లేదు. ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉన్న లాంచీ మరొకటి లేదు.

ఆ నలుగురిలో ఒకరు లెక్కల మాస్టారు. ఒకామె పాల కేంద్రంలో పనిచేస్తుంది, ఇద్దరు పిల్లల తల్లి. ఒకాయన ఎవరితోనూ మాట్లాడరు, ఎప్పుడూ కుడివైపు చివర కూర్చుంటారు. నాలుగో ఆయన మా పక్కింటి టైలరు తాత. నా కాన్వెంటు యూనిఫారాలన్నీ కుట్టింది ఆయనే. పెరిగే పిల్లనని అంచు మూడు మడతలు పెట్టి కుట్టేవారు. ఏటా ఒక మడత విప్పేవారు. నేను అనుకున్నంత పెరగలేదు. ఆఖరి గౌనుకు ఒక మడత అలాగే మిగిలిపోయింది. ఇది అర్జీకి అవసరమైన సమాచారం కాదు. కొట్టివేస్తే కాగితం అసహ్యంగా ఉంటుందని ఉంచాను.

2. గత మంగళవారం వార్షిక తనిఖీ జరిగినది. పెట్టెలో వస్తువులు సమకూర్చే పనిని నాన్న ఈ ఏడు నాకు అప్పగించారు. గడువు తీరిన నొప్పి మాత్రలు, వాంతుల మాత్రలు తీసేసి కొత్తవి పెట్టాను. అయొడిన్ సీసాకు తారీఖు చీటీ అంటించాను. దూదిని తడి తగలకుండా డబ్బాలో పెట్టాను. విరిగిన ఎముకకు కట్టే చెక్క బద్దలను గరుకు లేకుండా గీకాను. పాత కత్తెర తుప్పు పట్టిందంటే, టైలరు తాత తన కత్తెరల్లో ఒకటి తీసి ఇచ్చారు. “బట్ట కోసి కోసి దీనికీ విసుగొచ్చింది. కాస్త పుణ్యం చేసుకోనీ” అన్నారు.

మిగిలినవాటికి తమ కార్యాలయం వారి జాబితా పట్టుకొని మందుల షాపుకు వెళ్ళాను. జాబితాలో నాలుగో వస్తువు ‘గాజు’, ఐదో వస్తువు ‘గుడ్డ’. నేను అలాగే చదివాను. షాపాయన ఒక్క క్షణం నా మొహం చూసి, ఒకే ప్యాకెట్టు తీసి బల్ల మీద పెట్టారు. “రెండు కాదమ్మా, ఒకటే. గాజుగుడ్డ. పుండు మీద వేసే పల్చటి గుడ్డ” అన్నారు.

ఆ మాట నాకు అప్పటిదాకా తెలియదు. బడిలో మాకు దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. ఆ రోజే ఇక్కడికి వచ్చి చెప్పి ఉండవలసింది. చెప్పలేదు.

3. తనిఖీ అధికారి గారు ఈమధ్యనే బదిలీపై వచ్చారు. అంతకుముందు రెండేళ్ళు వచ్చినవారు పెట్టె మూత తీయకుండానే అన్నిటికీ టిక్కులు పెట్టి వెళ్ళేవారు. వీరు అలా కాదు. మోకాళ్ళ మీద కూర్చొని ఒక్కొక్క వస్తువూ బయట పెట్టించారు. వారి నిజాయితీ మీద మాకు ఎటువంటి ఫిర్యాదూ లేదు. దూదికి టిక్కు పెట్టారు, అయొడిన్‌కు పెట్టారు, కత్తెరను ఆడించి చూసి పెట్టారు. తరువాత “గాజు?” అన్నారు. నాన్న గాజుగుడ్డ ప్యాకెట్టు చూపించారు. వారు దాన్ని పక్కన పెట్టి “గుడ్డ?” అన్నారు. నాన్న అదే ప్యాకెట్టు మళ్ళీ చూపించారు.

“ఒక్క ప్యాకెట్టుకి రెండు టిక్కులు పెట్టమంటావా?”

“రెండూ ఒకటేనండీ.”

“ఒకటే అయితే రెండు నంబర్లు ఎందుకేశారు? వేసినవాళ్ళకి తెలీదా?”

నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. తనిఖీ గారు ఐదుకు టిక్కు పెట్టి, నాలుగుకు ఎదురుగా ‘లేదు’ అని రాశారు. పోతూ పోతూ, “కాయితంలో ఉన్నదే నేను చూడాలి బాబూ. లేనిది ఉందని రాస్తే రేపు నా మెడకు చుట్టుకుంటుంది” అన్నారు. ఆ మాట ఆయన కోపంగా అనలేదు.

4. అదే మధ్యాహ్నం నాన్న ఒక గాజు గ్లాసు కొని, కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టారు. తనిఖీ గారు జాబితా వెనక్కి తిప్పి షరతులు చదివి వినిపించారు. మూడో షరతు ప్రకారం, పెట్టెలో పగిలే స్వభావం గల వస్తువులు ఉంచరాదు.

“మరి గాజు పెట్టాలా, పెట్టకూడదా అండీ?” అని నాన్న అడిగారు.

“పెట్టాలి. పగలకూడదు.”

5. పగలని గాజు తాను తెస్తానని మామయ్య బుధవారం ఉదయం బజారుకు వెళ్ళారు. ఒక ప్లాస్టిక్ గాజు తెచ్చారు. ఎర్రది, పిల్లల సైజు. మామయ్య ఉద్దేశం తనిఖీ గారిని నవ్వించడం. నవ్వితే ఆయనే పోనిస్తారని. తనిఖీ గారు నవ్వలేదు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూశారు, నేల మీద పడేసి పగలదని రూఢి చేసుకున్నారు. “ఇది గాయానికి ఎలా వాడతారు?” అని అడిగారు.

“చెయ్యి విరిగినవాళ్ళకి తొడుగుతామండీ. ఇది ఎక్కించే బాధలో అది మర్చిపోతారు” అన్నారు మామయ్య.

“నోరు మూసుకో బావమరిదీ” అని నాన్న అన్నారు. మామయ్యను నాన్న అలా అనడం నేను ముందెన్నడూ వినలేదు.

తనిఖీ గారు రిజిస్టరులో ఇలా రాశారు: ‘నాలుగో వస్తువు సమర్పించబడినది. ఉపయోగము నిర్ధారణ కాలేదు. స్పష్టత నిమిత్తం పై అధికారికి పంపడమైనది.’ పెట్టెను గాజుతో సహా లక్క ముద్ర వేసి తమ బీరువాలో ఉంచారు. ఇంజను తాళంచెవిని దానితోపాటే ఉంచారు. స్పష్టత ఇచ్చుటకు గడువు ముప్పై రోజులని వరండాలో బోర్డు ఉంది. ఆ బోర్డు కిందే కూర్చొని ఇది రాస్తున్నాను.

6. గురువారం నాడు నలుగురినీ తెడ్ల పడవలో తీసుకువచ్చాము. ఇంజను లేని పడవలకు ప్రథమ చికిత్స పెట్టె అవసరం లేదని నిబంధన. కాబట్టి ఆ ప్రయాణం పూర్తిగా చట్టబద్ధంగా జరిగినది. ఆలస్యంగా చేరినందున నాలుగు గంటలకు బదులు రెండు గంటలే యంత్రం దొరికింది. తిరుగు ప్రయాణంలో, రెండు ఒడ్లూ సమాన దూరంలో ఉన్నప్పుడు, టైలరు తాతకు సూది గుచ్చినచోట నెత్తురు కారడం మొదలైంది. మొదట ఎవరం చూడలేదు. ఆయన చొక్కా ముదురు రంగుది. పాల కేంద్రం ఆమె పడవ అడుగున నీరు రంగు మారిందని చెప్పాక చూశాము.

ఆ సమయానికి మా పెట్టె తమ బీరువాలో ఉన్నది. అందులో పన్నెండు గాజుగుడ్డ ముక్కలు, ఒక్కొక్కటి విడిగా చుట్టి ఉన్నాయి. నేనే లెక్కపెట్టి పెట్టాను.

మాస్టారు తన పైపంచె చింపి ఇచ్చారు. నేను రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాను. గంటన్నర పట్టుకున్నాను. తాత నన్ను భయపడవద్దన్నారు. “నలభై ఏళ్ళు గుడ్డల మధ్య బతికినవాణ్ణి. గుడ్డ దొరక్క పోయాడన్నారంటే నా దుకాణం పరువేం కానూ” అన్నారు. పడవలో అందరూ నవ్వారు. మాట్లాడని ఆయన కూడా నవ్వారు. నేను నవ్వలేకపోయాను. ఆయన ఏ గుడ్డ గురించి అన్నారో నాకు తెలుసు.

7. సోమవారం గాలి వీచినది. తెడ్ల పడవవాళ్ళు రాలేమన్నారు. ఎవరమూ రాలేదు.

8. పై కారణం చేత, గత గురువారపు సగం వంతు మినహా, ఎనిమిది రోజులుగా నలుగురికీ చికిత్స లేదు. పాల కేంద్రం ఆమె నీళ్ళు తాగడం మానేసింది, పెదాలు తడుపుకుంటుంది అంతే. మాస్టారు ఒక కాగితం మీద తన బరువు గంట గంటకూ రాసుకుంటున్నారు. టైలరు తాత కాళ్ళకు చెప్పులు పట్టడం లేదు. పడుకుంటే ఊపిరి ఆడదని కుట్టుమిషను ముందు కూర్చొని, దాని మీద తల పెట్టుకొని కునుకు తీస్తున్నారు. ఈ ఉదయం నేను బయలుదేరే ముందు చూడటానికి వెళ్తే, నా జాకెట్టు భుజం దగ్గర కుట్టు ఊడిందని ఆయనే చూసి చెప్పారు. సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కించలేక, రేపు చేస్తానన్నారు.

దారి నుంచి ఆసుపత్రి నర్సు గారికి ఫోను చేసి తాత సంగతి చెప్పాను. ఆమె మెత్తగా మాట్లాడే మనిషి కాదు. అయినా మెత్తగానే చెప్పారు. “గురువారం తీసుకొచ్చేయమ్మా. గురువారం కూడా తప్పితే, ఆయన్ని మళ్ళీ తీసుకురావాల్సిన పని ఉండదు.”

గురువారం అంటే రేపు.

9. పెట్టెకు ముద్ర వేసిన నాటి నుంచి మా నాన్నగారు లాంచీ దిగలేదు. తాళంచెవి లేకుండా ఇంజను తిప్పడం తనకు వచ్చునని, తాడు విప్పేద్దామని మామయ్య రోజూ పోరుతున్నారు. ఈ ఉదయం నా ఎదుటే అడిగారు. “మనిషి పోయాక కాయితం తెచ్చి ఏ గోడకి అంటిస్తావు బావా?” నాన్న తాడు మీద చెయ్యి వేశారు. “ఒక్కసారి కాయితం లేకుండా పోయామంటే మనకి మళ్ళీ కాయితమివ్వరు. ఆ తర్వాత గురువారాలు వాళ్ళనెవరు తీసుకెళ్తారు?” అన్నారు. అని నా వైపు తిరిగి, “చదువుకున్నదానివి, నువ్వు వెళ్ళి చెప్పి చూడమ్మా. నా మాట వాళ్ళకి అర్థం కావడం లేదు” అన్నారు.

నాన్న మాట అందరికీ అర్థమవుతుంది. నాన్న చెప్పింది సరైనది. రెండూ ఒకటే. తప్పు కాగితంలో ఉంది.

10. సదరు తప్పుకు రుజువులు ఈ క్రింద మనవి చేయడమైనది.

జాబితాలో వస్తువులు పన్నెండు నంబర్ల వరకు ఉన్నవి. కాని అడుగున ‘మొత్తం వస్తువులు పదకొండు’ అని ఉన్నది. తమరు ఒకసారి వేలు పెట్టి లెక్కించగలరు. గాజును, గుడ్డను కలిపితేనే పదకొండు అవుతుంది. రెండేళ్ళుగా ఆ కాగితం ప్రతి లాంచీలోనూ తగిలించి ఉన్నది. ఎవరూ లెక్కించలేదు.

ఆ జాబితాకు మూలం, అప్పటి ప్రభుత్వ వైద్యుడు గారు చేతితో రాసి ఇచ్చిన కాగితం. ఆకుపచ్చ సిరా. నాలుగు మడతలు వేసి ఉంటుంది. వారు వస్తువులకు నంబర్లు వేయలేదు, అడుగున మొత్తం మాత్రం పదకొండు అని వేశారు. కామాలు పెడుతూ వరుసగా రాసుకుపోయారు. రెండో వరుస చివర చోటు చాలక ‘గాజు’ దగ్గర ఆపి, మూడో వరుస మొదట ‘గుడ్డ’ అని రాశారు. ఆ రెంటి మధ్య కామా లేదు. మిగిలిన అన్నిటి మధ్యా ఉంది. ఆ కాగితాన్ని టైపు ప్రతి వెనుక గుండుసూదితో గుచ్చి, ‘పడవల భద్రత, నమూనాలు’ అని రాసిన అట్ట ఫైలులో పెట్టారు. ఫైలు పారవేసి ఉండకపోతే ఇప్పటికీ అక్కడే ఉండాలి. గుండుసూది తల ఎర్రది.

టైపు చేసినవారికి గాజుగుడ్డ అనే మాట తెలియక, వరుస విరిగినచోట రెండు వస్తువులని అనుకొని రెండు నంబర్లు వేశారు. లెక్క కుదరడం లేదని చూసి కూడా, వైద్యుల కాగితంలోని అంకెను దిద్దే ధైర్యం లేక అలాగే ఉంచారు. ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉండవచ్చును. అడగలేదు. వారిపై తమరు ఏ చర్య తీసుకున్నా న్యాయమే. రేపటి తరువాత తీసుకొనవలసిందిగా ప్రార్థన.

11. కావున నా విన్నపములు:

మొదటిది, జాబితాలో నాలుగు, ఐదు నంబర్లను కలిపి ‘గాజుగుడ్డ’ అని తమ స్వహస్తాలతో దిద్ది సంతకం చేయగలరు. కొత్త జాబితా టైపు చేయించే వరకు ఆగవలసిన అవసరం లేదు.

రెండవది, దిద్దుటకు పై అనుమతి కావలసి ఉంటే, అది వచ్చే వరకు సోమ, గురువారాల ప్రయాణాలకు మాత్రం తాత్కాలిక అనుమతి ఇప్పించగలరు. ఆదివారాల విహారాలు మాకు వద్దు.

మూడవది, అదీ వీలుకాని పక్షంలో, పెట్టెనైనా తిరిగి ఇప్పించగలరు. రేపు గాలి లేకపోతే తెడ్ల పడవలోనే వస్తాము. గాజును తమ వద్దనే ఉంచుకోవచ్చును.

మూడవదానితో సరిపెట్టుకుంటామని తమరు అనుకోవద్దు. తెడ్ల పడవలో మూడున్నర గంటలు టైలరు తాత కూర్చోలేరు. మూడవది రాయకుండా ఉండవలసింది. కాని ఏమీ అడగకుండా వెనక్కి వెళ్ళడం రెండుసార్లు చేశాను, అందుకని రాశాను.

తాళంచెవి ఈ సాయంత్రం ఐదింటికి ఇస్తే, చీకటి పడేలోగా లాంచీ దీవికి చేరుతుంది. తెల్లవారగానే నలుగురినీ ఎక్కించుకొని ఎనిమిదింటికి ఆసుపత్రి మెట్ల దగ్గర ఉంటుంది. ఇప్పుడు మూడు గంటల ఇరవై నిమిషాలు అయినది. తమ గదిలో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఇక్కడికి వినిపిస్తోంది.

ఈ కాగితాన్ని పూర్తిగా చిత్తగించవలెనని, చిత్తగించిన పిమ్మట ఒక్కసారి కిటికీ దగ్గరికి వచ్చి నీలం లాంచీని చూడవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
లాంచీ సరంగు గారి కుమార్తె

తాజా కలం: ఇది మడిచాక బంట్రోతు గారు వచ్చి “ఏం కావాలమ్మా” అని అడిగారు. ఈసారి “ఏం లేదండీ” అనలేదు. ఇంకొక్క పేరా ఉందన్నాను. ఆయన పక్కనే నిలబడి ఉన్నారు. తొందరగా రాస్తున్నాను, అక్షరాలు బాగా లేవు.

ఆకుపచ్చ సిరా, గుండుసూది ఇవన్నీ నీకెలా తెలుసునని మీరు అడుగుతారు. మామయ్య కూడా అడిగారు. ఎవరో అంటుంటే విన్నానని చెప్పాను. నాన్న అడగలేదు. నాకు తెలుసంటే అది నిజమే అయి ఉంటుందని ఆయన అనుకుంటారు.

కాన్వెంటు చదువు అయిపోయిన ఏడాది, మీ గేటుకు ఎదురుగా ఉన్న టైపింగు సెంటరులో నాలుగు నెలలు పనిచేశాను. ఆ జాబితా టైపు చేసింది నేను.